ఖాళీ గళ్లు

“నిన్న మధ్యాహ్నం గళ్లు గీసి, చుట్ట చుట్టి బీరువా మీద పెట్టాను. అప్పటికి ఒక్క గడిలో ఒక్క అక్షరం లేదు. ఎవరు నింపారివి?”

లెక్కల టీచర్ భోజనాల బల్ల మీద చార్టు పరిచి, అది మళ్లీ చుట్టుకుపోకుండా రెండు చేతులతో నొక్కిపట్టి నిలబడింది. ప్రశ్నయితే వేసింది గానీ జవాబు కోసం ఆగలేదు.

“మీరే నింపారు అత్తయ్యా. ఈ ఇంట్లో ఇంత గుండ్రంగా ఇంకెవరు రాస్తారు?”

నిజమే, ఆ అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి. విషయాలు ఎర్ర సిరాతో, మాట్లాడేవాళ్ల పేర్లు నీలం సిరాతో, కింద స్కేలు పెట్టి గీసిన జంట గీతలు. ఊళ్లో సగం మంది తమ ప్రోగ్రెస్ కార్డుల మీద ఆ చేతిరాత చూసి గుటకలు మింగినవాళ్లే.

బల్లకి అవతల అత్తగారు టీలో బ్రెడ్డు ముంచుకుంటోంది. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై చాలా ఏళ్లయినా పాలు పోసేవాడి నుంచి కోడలి బడిలో ప్రిన్సిపాల్ వరకూ అందరికీ ఆవిడ ఇప్పటికీ పెద్దమేడమే.

“అది కాదమ్మా, నిన్న సాయంత్రం నువ్వు బడికి వెళ్లాక...”

“నేను బల్లలు సర్దడానికి వెళ్లాక మీరు ఇది విప్పి చూశారు. ఖాళీగా ఉంటే తట్టుకోలేకపోయారు. ఖాళీ కనిపిస్తే మీ చెయ్యి ఊరుకోదు కదా.”

పెద్దమేడం తెరిచిన నోరు మూసుకుంది. ఈలోగా చేతిలో బ్రెడ్డు సగానికి తెగి కప్పులో పడింది. ఆవిడ చెంచా తీసుకుని దాన్ని వెతకడంలో మునిగిపోయింది.

నాలుగు గళ్లు నింపినందుకు ఇంత రాద్ధాంతమా అనుకునేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి. లెక్కల టీచర్ ఇన్నాళ్లూ ఇంటిల్లిపాదినీ వేపుకు తిని తలపెట్టిన సభ అది. టీచర్లు తమంతట తాము వచ్చి తమలో తాము మాట్లాడుకునే రోజు. అక్కడ వేదిక ఉండదు, ఉపన్యాసం ఉండదు, ఎవరికీ శాలువాలూ పూలగుత్తులూ ఉండవు. గోడకి ఖాళీ గళ్ల చార్టు మాత్రం ఒకటి ఉంటుంది. ఒక్కో గడీ ఒక్కో గదికి. ఎవరికి ఏ చిక్కు ఉంటే వాళ్లు వచ్చి అది ఒక గడిలో రాసి, ఆ గదిలో కూర్చోవాలి. అదే చిక్కు తమకీ ఉందనుకున్నవాళ్లు వెళ్లి పక్కన కూర్చుంటారు. విసుగు పుడితే లేచి ఇంకో గదికి పోవచ్చు. ఎవరూ ఎవర్నీ ఆపకూడదు. ఆ సభకి ఉన్న నియమం అదొక్కటే.

అంటే దాని ప్రాణమంతా ఆ ఖాళీలోనే ఉంది. పెద్దమేడం ఆ ప్రాణం మీద ఎర్ర సిరా పోసింది.

పైగా ప్రిన్సిపాల్ ముందే తేల్చి చెప్పాడు. “ఒక్క ఆదివారం గదులిస్తాను. పనికొచ్చేది ఏదైనా జరిగిందా, సంతోషం. కబుర్లు చెప్పుకుని టీ తాగి వెళ్లారా, మళ్లీ ఈ సభ అనే మాట నా దగ్గర ఎత్తకండి.” ఆ ఒక్క ఆదివారం ఇవాళే.

నోట్లో బ్రష్‌తో ట్రైనర్ గది లోంచి వచ్చాడు. ఆయన పెద్దమేడానికి కొడుకు, లెక్కల టీచరుకి మొగుడు, ఆ చుట్టుపక్కల టీచర్లందరికీ సెలవుల్లో శిక్షణ ఇవ్వాల్సిన ఉద్యోగి. పోయిన వారం నలుగురి ముందూ భార్య నోరు జారి, “మా ఆయన ట్రైనింగు హాల్లో చురుగ్గా తిరిగేవి ఫ్యాన్లు ఒక్కటే” అన్నప్పటి నుంచి ఆయన ఆవిడతో నేరుగా మాట్లాడటం లేదు. ఏం చెప్పాలన్నా తల్లి మీదుగా చెబుతున్నాడు.

“అమ్మా, ఆవిణ్ణి కాస్త జరగమను. ఏమిటో చూస్తాను.”

“ఆవిడ ఇక్కడే ఉంది. చెవులు కూడా ఉన్నాయి,” అంటూ జరిగింది లెక్కల టీచర్.

ఆయన బ్రష్ బుగ్గకి తోసి చదవడం మొదలుపెట్టాడు. “‘క్రమశిక్షణ విలువ’, డ్రిల్లు మాస్టారు. ‘ప్రయోగాల ప్రాముఖ్యం’, కొత్త సైన్సు టీచర్. ‘గణితం, నిత్యజీవితం’... బాగానే ఉందే. అమ్మా, ఆవిడతో చెప్పు, ఇప్పుడిది అచ్చం మా ట్రైనింగులాగే ఉందని.”

“అదేగా నా ఏడుపు.”

చివరి గడి దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. నోట్లో నురగ అంతా మింగేశాడు.

“ముఖ్య అతిథి సందేశం అని ఉంది. మా ఆఫీసరా? ఇవాళ్టికా? ఆయన్ని ఎవరు పిలిచారు?”

“ఇంకెవరు పిలుస్తారు, మీ అమ్మగారే,” అంది లెక్కల టీచర్. “తన దగ్గర చదువుకున్న కుర్రాడు ఇంతవాడయ్యాడు కదా. పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి అందరికీ చూపించుకోవద్దూ.”

పెద్దమేడం చెంచా కింద పెట్టింది. “కాదే తల్లీ, నేను చెప్పేది విను...”

“మీరు చెప్పేది నాకు కంఠతా వచ్చు అత్తయ్యా. పెద్దవాళ్లు వస్తే సభకి నిండుదనం వస్తుంది. ఇదేగా?”

పెద్దమేడం కొడుకు వంక చూసింది, కోడలి వంక చూసింది, మళ్లీ కప్పు వంక చూసుకుంది.

“అమ్మా, కొంప ముంచావు,” అన్నాడు ట్రైనర్. “వీడి ట్రైనింగు పనికిరాదని వీడి పెళ్లామే వేరే దుకాణం పెట్టుకుందని అనుకోడూ ఆయన?”

“అనుకుంటే అనుకోనివ్వండి. ఉన్నమాటేగా.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్న మరుక్షణం ఆవిడకీ తెలిసింది. కానీ ఆ ఇంట్లో అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు ఎవరికీ లేదు. ఆయన బాత్‌రూంలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. లోపల కుళాయి చాలాసేపు అలా పారుతూనే ఉంది.

ఫోన్ మోగింది. అవతల కొత్త సైన్సు టీచర్.

“మేడం, పెద్దమేడం గారు ఇచ్చిన టాపిక్ మీద మూడు పేజీలు రాశానండీ. సరిపోతుందా? ఆఫీసర్ గారు కూడా వస్తున్నారటగా. నాకు కొంచెం జ్వరంగా ఉంది. రాకపోతే ఏమైనా అనుకుంటారా?”

“నీకు జ్వరం లేదు. భయం. వచ్చెయ్,” అని పెట్టేసింది లెక్కల టీచర్. పెట్టేశాక ఒళ్లు మండిపోయింది. ఇదే పిల్ల మొన్నామధ్య స్టాఫ్‌రూం మూల నిలబడి, “ఆ రోజు నేను ఒకటి అడగొచ్చా మేడం? ఎవరూ నవ్వరు కదా?” అని అడిగింది. ఆ అడగాలనుకున్నది ఇప్పుడు మూడు పేజీల ప్రాముఖ్యం కింద నలిగి చచ్చింది.

“అందరికీ ఫోన్లు చేసి పాఠాలు కూడా అప్పజెప్పారన్నమాట,” అంది అత్తగారితో. 

అత్తగారు ఈసారి నోరు తెరిచే ప్రయత్నం కూడా చేయలేదు.

కారులో ముగ్గురూ మూడు దిక్కులు చూస్తూ కూర్చున్నారు. ముందు సీట్లో పెద్దమేడం, ఒళ్లో హ్యాండుబ్యాగు. వెనక సీట్లో కోడలు చార్టు తిరగేసి, వెనక వైపు తెల్ల కాగితం మీద మళ్లీ గళ్లు గీస్తోంది. గుంత వచ్చినప్పుడల్లా గీత వంకర పోతోంది.

“అమ్మా, గతుకులు నా తప్పు కాదని చెప్పు,” అన్నాడు ట్రైనర్.

“నువ్వే చెప్పుకో. నేనేమైనా పోస్టుమ్యాన్నా?” అంది పెద్దమేడం. ఆవిడ గొంతులో కూడా విసుగు మొదలైంది.

లెక్కల టీచర్ ఆ మాటలు వినడం లేదు. ఆవిడకి తన సొంత చిక్కు ఒకటుంది. అసలు ఈ సభ పుట్టిందే దాని కోసం. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, తనకి తనే ఒప్పుకోవడానికి కూడా చాలాకాలం పట్టింది. ఈ ఏడు ఆవిడ క్లాసులో పిల్లలు నోరు విప్పడం లేదు. అల్లరి చెయ్యరు, అడ్డుపడరు, అడగరు. అర్థమైందా అంటే అందరూ కలిసి తల ఊపుతారు. పరీక్ష పెడితే తెల్లకాగితాలు ఇస్తారు. బాగా చెబుతుందని పేరున్న టీచర్ ఆవిడ. ఆ పేరు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఇంట్లో అడగొచ్చు కదా అంటారు. ఎవర్ని అడుగుతుంది? మొగుణ్ణి అడిగితే ప్రొజెక్టర్ పెట్టి బొమ్మలు చూపిస్తాడు. అత్తగార్ని అడిగితే మా రోజుల్లో అని మొదలుపెడుతుంది. తెలియదని చెప్పుకోగలిగే చోటు ఇంట్లో లేక, బయట తయారు చేసుకుందామని ఇంత హంగామా తలకెత్తుకుంది.

బడి వరండాలో టీచర్లు అప్పటికే వచ్చి ఉన్నారు. అందరి చేతుల్లోనూ కాగితాలే. గోడకేసి తిరిగి, పెదవులు కదుపుతూ, పరీక్ష ముందు పిల్లల్లా చదువుకుంటున్నారు. ఎప్పుడూ ట్రాక్ ప్యాంటులో తప్ప కనబడని డ్రిల్లు మాస్టారు ఆ రోజు కోటు తొడుక్కుని చెమటలు కక్కుతున్నాడు.

“మేడం, క్రమశిక్షణ మీద నన్ను మాట్లాడమన్నారు గానీ,” అని గొంతు తగ్గించాడు, “నాకు రెండు నిమిషాల కంటే రావట్లేదండీ. మిగతా టైములో విజిల్ వెయ్యనా?”

“ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకోండి మాస్టారూ. ఇవాళ ఎవరూ ప్రసంగించరు.”

“మరి ఆఫీసర్ గారు?”

ఆఫీసర్ అప్పుడే గేటు దాటి వస్తున్నాడు. సన్నగా, నెమ్మదిగా, చెప్పుల చప్పుడు కూడా లేకుండా నడిచే మనిషి. పెద్దమేడం ఎదురెళ్లి, హాల్లో ముందు వరసలో వేయించిన చేతుల కుర్చీ చూపించింది. “ఇక్కడ కూర్చో నాయనా. ముందు నువ్వే నాలుగు మాటలు చెప్పు.”

“వద్దు మేడం,” అని నవ్వి ఆయన వెళ్లి వెనక బెంచీ మీద, కిటికీ మూల కూర్చున్నాడు.

అది చూసి లెక్కల టీచరుకి ప్రాణం లేచొచ్చింది. ముఖ్య అతిథి కుర్చీ కాదన్న ముఖ్య అతిథిని ఆవిడ అంతవరకూ చూడలేదు. ఈయనకైనా సంగతి అర్థమైందని సంబరపడింది. చార్టు తెల్ల వైపు కనపడేలా గోడకి అంటించి, పక్కన ఒకే ఒక నియమం రాసిన కాగితం కూడా అంటించింది. ‘ఎవరూ ఎవర్నీ ఆపకూడదు.’

“ఇవి ఖాళీ గళ్లు,” అంది అందరి వైపూ తిరిగి. “మీకు నిజంగా ఉన్న చిక్కు ఏదైనా వచ్చి రాయండి. చిన్నదైనా సరే. ఎవరు మొదలుపెడతారు?”

డ్రిల్లు మాస్టారు కోటు గుండీలు చూసుకున్నాడు. కొత్త సైన్సు టీచర్ తన మూడు పేజీలూ గుండెకి అదుముకుంది. కొందరు మెడ తిప్పకుండా కళ్లు మాత్రం వెనక బెంచీ వైపు తిప్పారు.

ఆ మౌనం లెక్కల టీచరుకి క్షణం కూడా పడలేదు. “ఎవరూ లేవరా? మొహమాటం, అంతే. మొదట్లో ఎవరికైనా ఉంటుంది. అంటే ఇప్పుడు ఉదాహరణకి...” అంటూ తనే అందుకుంది. అందుకున్నాక ఆపలేకపోయింది. మొహమాటం ఎందుకుంటుందో చెప్పింది, ఎలా పోతుందో చెప్పింది, పోకపోతే ఏం నష్టమో చెప్పింది. ఉపన్యాసాలు ఉండవన్న సభలో అది అక్షరాలా ఉపన్యాసమే. ఆ సంగతి అందరికీ తెలుస్తోంది, ఆవిడకి తప్ప.

అప్పుడు లేచాడు ట్రైనర్.

ఆయన తిన్నగా గోడ దగ్గరికి నడిచాడు. భార్య చేతిలో స్కెచ్ పెన్ను అడగకుండానే తీసుకున్నాడు. వారం రోజులుగా ఆవిడ చెయ్యి ఆయన చేతికి తగలడం అదే మొదటిసారి.

“ఒరేయ్, ఆగరా,” అని పెద్దమేడం కుర్చీ లోంచి సగం లేచింది. “వద్దు. నువ్వు రాయకు.”

“అత్తయ్యా, ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఆపకూడదు,” అంది లెక్కల టీచర్ కాగితం చూపించి. పెద్దమేడం నిలబడలేక, కూర్చోలేక, కుర్చీ చెయ్యి పట్టుకుని అలా వంగి ఉండిపోయింది.

ట్రైనర్ మొదటి గడిలో రాశాడు. ‘నా ట్రైనింగులో మీరందరూ ఎందుకు నిద్రపోతారు?’

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు బెంచీలన్నీ చుట్టేసింది. ఆయన కూడా నవ్వాడు, చెవులు ఎర్రబడ్డాయి గానీ నవ్వాడు. లెక్కల టీచరుకి కళ్లు చెమర్చాయి. పొద్దున తనన్న మాట గుర్తొచ్చింది. ఈ మనిషి ఇంత ధైర్యస్తుడని ఇన్నేళ్ల కాపురంలో ఆవిడకి తెలియదు.

ఆ తర్వాత చార్టు దగ్గర తోపులాటే. డ్రిల్లు మాస్టారు కోటు విప్పి పారేసి వచ్చి, ‘వానొస్తే పిల్లల్ని ఏం చెయ్యాలి?’ అని రాశాడు. కొత్త సైన్సు టీచర్ చివరిదాకా తటపటాయించి, కింది గడిలో చిన్న అక్షరాలతో, ‘క్లాసులో ఏడుపొస్తే ఎక్కడికి వెళ్లాలి?’ అని రాసి పెన్ను వదిలేసింది. ఎవరూ నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు టీచర్లు వెళ్లి ఆ పిల్ల పక్కన నిలబడ్డారు.

ఆఫీసర్ కళ్లజోడు పెట్టుకుని ప్రతి గడీ నిదానంగా చదివాడు. చదివి, ట్రైనర్ గదిలోకి వెళ్లాడు.

మిగిలిన ఆఖరి గడిలో లెక్కల టీచర్ తన చిక్కు రాసుకుంది. ‘నా క్లాసులో పిల్లలు ఎందుకు నోరు విప్పరు?’

ఆవిడ గది వరండా చివర ఉంది. చిన్న పిల్లల తరగతి. బెంచీలు మోకాలెత్తున ఉన్నాయి. ఆవిడ ఒక బెంచీ మీద కూర్చుని గుమ్మం వైపు చూసింది. అడుగుల చప్పుడు వచ్చినట్టే వచ్చి ట్రైనర్ గదిలోకి పోయింది. మళ్లీ వచ్చి సైన్సు టీచర్ గదిలోకి పోయింది. ఎవరూ ఇటు రావడం లేదు. ఎక్కడికైనా పోవచ్చనే నియమం తను పెట్టిందే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియక ఆవిడ గోడ మీద అంటించిన పిల్లల బొమ్మలు చూస్తూ కూర్చుంది. పక్క గది నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఇంత శ్రమా పడింది తను, సభ చేసుకుంటోంది మొగుడు.

“రావచ్చా?”

గుమ్మంలో పెద్దమేడం నిలబడి ఉంది.

“మీరా? రండి. మా రోజుల్లో పిల్లలు ఇలా కాదని చెప్పడానికేనా?”

పెద్దమేడం లోపలికి వచ్చి, గోడ పట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని, మెల్లగా ఆ పొట్టి బెంచీ మీద కూర్చుంది. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. ఒకప్పుడు ఊరిని గడగడలాడించిన మనిషి అలా ఒదిగి కూర్చోవడం చూస్తే లెక్కల టీచరుకి జాలి వేసింది. ఆ జాలికి మళ్లీ చిరాకు వేసింది.

“అత్తయ్యా, ఒక్కటి చెప్పండి. ఆ గళ్లు ఎందుకు నింపారు? నా మీద నమ్మకం లేకపోవడం వల్లే కదా. నేను ఏది తలపెట్టినా అభాసుపాలవుతుందని మీకు భయం.”

“చూశావా,” అంది పెద్దమేడం.

“ఏం చూడాలి?”

“అడిగింది నువ్వే. చెప్పింది నువ్వే. పొద్దున్నుంచీ ఇదే వరస. బడిలో కూడా ఇంతేనా?”

లెక్కల టీచర్ ఏదో అనబోయింది. ఆవిడ చెవుల్లో తన గొంతే వినిపించింది. పన్నెండులో మూడో వంతు ఎంత? నాలుగు. అర్థమైందా? అయింది కదా. సరే, తర్వాతి లెక్క. ఆ నాలుగు అనే మాట ఏ రోజూ ఏ పిల్లా, ఏ పిల్లాడూ అనలేదు. ప్రతి రోజూ తనే అంది. ఎవరైనా అందుకునే లోపల అంది. ఖాళీ చూడలేని మనిషి ఈ గదిలో ఒక్కరు కాదు, ఇద్దరున్నారు.

తర్వాత కోడలు చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, గొంతు సవరించుకుంది.

“అత్తయ్యా, ఆ గళ్లు ఎందుకు నింపారు?”

అని, ఆగింది.

ఆగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పెద్దమేడం కిటికీ లోంచి బయటికి చూసింది. హ్యాండుబ్యాగు జిప్పు లాగి మళ్లీ మూసింది. కోడలి నాలుక మీదికి నాలుగు జవాబులు వచ్చాయి. నాలుగూ మింగేసింది. పక్క గదిలో మళ్లీ నవ్వులు. ఈవిడ పెదవి బిగబట్టి అలాగే కూర్చుంది.

“తలుపు వెయ్యి,” అంది పెద్దమేడం చివరికి.

కోడలు లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

“ఆ ఆఫీసర్ని నేను పిలవలేదు. నిన్న సాయంత్రం వాడే ఫోన్ చేశాడు. మీ కోడలి మీటింగుకి నేనూ వస్తాను మేడం, ఎవరికీ చెప్పకండి, ఓ మూల కూర్చుని వెళ్లిపోతాను అన్నాడు. ఎందుకురా అంటే, ట్రైనర్లలో ఒకర్ని తగ్గించాలట. ఎవర్ని తియ్యాలో తేలడం లేదట. కాగితం మీద అడిగితే టీచర్లందరూ బాగుంది, బాగుంది అనే రాసిస్తారట. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే చోట కూర్చుంటే అసలు సంగతి బయటపడుతుందన్నాడు.”

లెక్కల టీచర్ గోడ అవతలి గది వైపు చూసింది.

“మూల కూర్చుంటే వింటాడు. పెద్ద కుర్చీలో కూర్చోబెడితే వాడే మాట్లాడతాడు. వాడు వస్తున్నాడని తెలిస్తే మిగతావాళ్లు కాగితాలు చూసి చదువుతారు. అందుకే ఫోన్లు చేశాను. అందుకే గళ్లన్నీ నింపేశాను, ఎవరికీ ఏదీ అడిగే సందు దొరకకుండా. నా కొడుకు ఎదురుగా ఉంటే చెప్పలేను, వాడు హడలిపోతాడు. నీకు చెబుదామని మూడుసార్లు నోరు తెరిచాను.”

తెరిచిన మూడుసార్లూ ఎవరు మూయించారో ఆవిడ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా.

గోడ అవతల నవ్వులు ఆగాయి. ఇప్పుడు ఒక్కొక్కరే మాట్లాడుతున్నారు. డ్రిల్లు మాస్టారి గొంతు గదులన్నిటికీ వినబడే గొంతు. “ఏమీ అనుకోకండి సార్, మొన్నటి ట్రైనింగయితే మరీ ఘోరమండీ. మాకు పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు.” ఇంకో టీచర్ అందుకుంది. ఆవిడ తర్వాత ఇంకొకరు. ఎవరికీ జంకు లేదు, ఎవరి చేతిలోనూ కాగితం లేదు. ఇన్నాళ్లూ లెక్కల టీచర్ వినాలని కలలు కన్నది సరిగ్గా ఇలాంటి మాటలే.

“ఇంకా చెప్పండి,” అంది ఒక నెమ్మది గొంతు. “మొహమాటపడకండి. అందరూ చెప్పండి.”

లెక్కల టీచర్ పరుగున తలుపు తీసింది. వరండాలో రెండడుగులు వేసి ఆగిపోయింది. మొగుడు ఉన్న గదికి పక్కనే, తెరిచి ఉన్న హాలు గుమ్మం లోంచి కనిపిస్తూ, గోడ మీద తన చేత్తో రాసి తనే అంటించిన కాగితం గాలికి కొట్టుకుంటోంది. ఎవరూ ఎవర్నీ ఆపకూడదు.